తెర మీది బొమ్మ, సాంచా మీది ముక్క

వృత్తిరీత్యా ఏటా వేసవికి ముందు నేను కొన్ని పదుల ప్రాజెక్టు నివేదికలు చదువవలసి వస్తుంది. అవి మెకానికల్ ఇంజనీరింగు విద్యార్థులు వ్రాసినవి. నల్లని అట్ట, దానిపై బంగారు అక్షరాలు. లోపల ఇంద్రధనుస్సు రంగులలో ఒక కనెక్టింగ్ రాడ్డు బొమ్మ. ఎర్రగా ఉన్నచోట ఒత్తిడి ఎక్కువ, నీలంగా ఉన్నచోట తక్కువ అని వివరణ. చివరి పుటలో 'కావున ఈ రూపకల్పన సురక్షితమైనది' అన్న తీర్పు. ఆ రాడ్డును ఎవరైనా తయారు చేశారా, చేసి ఏ ఇంజనులోనైనా బిగించారా, బిగించి నూరు గంటలు తిప్పి చూశారా అని అడిగితే విద్యార్థి నావైపు వింతగా చూస్తాడు. అతని తప్పు లేదు. అతనికి ముందువాడు, ఆ ముందువాడు కూడా అదే రాడ్డును అదే రంగులతో సమర్పించి ఉత్తీర్ణులయ్యారు. నేనూ అలా ఉత్తీర్ణుడినైనవాడినే.

కంప్యూటరు సహాయంతో యంత్రభాగాన్ని రూపొందించడం, ఆ రూపాన్ని అనుసరించి కంప్యూటరు చేతనే లోహాన్ని కోయించడం అనే ఈ రెండు పనులను క్యాడ్ అనీ క్యామ్ అనీ పొట్టి పేర్లతో పిలుస్తున్నాము. ఇవి ఒకే తాడుకు రెండు కొసలు. మన విశ్వవిద్యాలయ పరిశోధనలలో మొదటి కొస పట్టుకున్నవారు వేలమంది ఉండగా రెండవ కొస గాలిలో వ్రేలాడుతున్నదని నా ఫిర్యాదు. దానిని పట్టుకోదగిన చేతులు మన జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లలలో ఉన్నవని నా నమ్మకం. ఇంజనీరింగు శాఖే లేని మన కళాశాల వార్షిక సంచికలో ఈ ప్రసంగమెందుకని విద్యార్థి మిత్రులూ, పాలకవర్గ సభ్యులూ అడుగవచ్చు. కారణం చివర చెబుతాను. అంతవరకు ఓపిక పట్టగోరుతున్నాను.

ముందుగా ఒక పాత బాకీని గుర్తు చేయాలి. కంప్యూటరు మగ్గానికి ఋణపడి ఉన్నది. 1804లో ఫ్రాన్సులోని లియాన్ నగరంలో జోసెఫ్ మారీ జాకార్డ్ అనే ఆయన చిల్లులు పొడిచిన అట్టలతో నడిచే మగ్గాన్ని సిద్ధం చేశాడు. చిల్లు ఉన్నచోట పడుగు పోగు లేస్తుంది, లేనిచోట లేవదు. పువ్వుగాని, తీగగాని, నెమలిగాని ఏది నేయవలసినా అంతా ఆ అట్టల వరుసలోనే దాగి ఉంటుంది. ఇంగ్లండులో ఛార్లెస్ బాబేజ్ తన గణనయంత్రానికి ఆ అట్టలనే అరువు తెచ్చుకోదలచాడు. 1890 నాటి అమెరికా జనాభా లెక్కలను హోలరిత్ చిల్లుల కార్డులతోనే లెక్కించాడు. హెలికాప్టరు రెక్కల వంపును ఖచ్చితంగా కోయలేక సతమతమైన జాన్ పార్సన్స్ ఆలోచన నుండి బయలుదేరి, 1952లో అమెరికాలోని ఎం.ఐ.టి. పరిశోధకులు చిల్లుల టేపు ఆజ్ఞ ప్రకారం లోహాన్ని కోసే యంత్రాన్ని నడిపి చూపారు. మగ్గం దగ్గర పుట్టిన చిల్లు ఈవిధంగా నూటయాభై ఏళ్ల తరువాత మిల్లింగు యంత్రాన్ని చేరింది.

ఆ తరువాతి కథలో విశ్వవిద్యాలయాల పాత్ర సామాన్యమైనది కాదు. 1963లో అదే ఎం.ఐ.టి.లో ఐవాన్ సదర్లాండ్ తన డాక్టరేటు పరిశోధనగా, తెరమీద కాంతి కలంతో గీసే పద్ధతిని చూపాడు. 1970లలో కేంబ్రిడ్జిలో ఇయన్ బ్రెయిడ్ ఘనవస్తువును కంప్యూటరులో నిలబెట్టే మార్గం వెదికాడు. 1975లో సిరాక్యూస్ విశ్వవిద్యాలయంలో వెర్స్‌ప్రిల్ వ్రాసిన సిద్ధాంత వ్యాసం నేటి ప్రతి డిజైను సాఫ్ట్‌వేరు లోపలా వంపు గీతల రూపంలో బ్రతికే ఉన్నది. 1980లలో టెక్సాస్ విశ్వవిద్యాలయ విద్యార్థి కార్ల్ డెకార్డ్, పొడిని లేజరుతో అతికించి పొరమీద పొరగా వస్తువును కట్టే యంత్రాన్ని తన గురువు అండతో చేశాడు. పని మొదలుపెట్టేనాటికి వీరందరూ విద్యార్థులే. అయితే వారి గదుల కిటికీల బయట విమాన కర్మాగారాలూ మోటారు కార్ఖానాలూ ఉన్నవి. 'మా రెక్క వంపు తిరగడం లేదు, మా కారు పైకప్పు అచ్చుకు రావడం లేదు' అని తలుపు తట్టేవారు ఉన్నారు. ప్రశ్న బయటినుండి వచ్చింది, సమాధానం లోపలినుండి వెళ్లింది.

ఇక్కడే ఇంకొక సంగతి చెప్పాలి. సుతిమెత్తని వంపు గీతలను సూత్రబద్ధం చేసినవారిలో మొదటివాడు సిట్రోయెన్ కార్ల కంపెనీలో పనిచేసిన ద కాస్తెల్జో. ఆయన పని 1959 నాటిది. కంపెనీ దానిని రహస్యంగా దాచుకున్నది. రెనో కంపెనీలో అదే దారిని స్వతంత్రంగా కనుగొన్న బెజియే దానిని అచ్చువేయించాడు. కనుక ఆ గీత పేరు నేటికీ బెజియే గీత. అచ్చుకానిదానికి పేరు దక్కదు. సిరిసిల్ల కార్ఖానాలను తలచుకున్నప్పుడల్లా నాకు ఈ కథ గుర్తుకు వస్తుంది.

మన దేశంలో, మన ప్రాంతంలో కూడా విద్యాసంస్థలకు లోటు లేదు. వరంగల్లులో ప్రాంతీయ ఇంజనీరింగు కళాశాల 1959లో వెలసింది. హైదరాబాదు బాలానగరులో కేంద్ర టూల్ డిజైను సంస్థ 1968లో వచ్చింది. దేశమంతటా విద్యార్థులు చదివే క్యాడ్, క్యామ్ పాఠ్యగ్రంథాలలో ఒకదాని కర్త పి. ఎన్. రావుగారు. 1972లో ఏర్పడిన జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయం 2007లో కొండగట్టు సమీపాన నాచుపల్లిలో జగిత్యాల ఇంజనీరింగు కళాశాలను తెరచింది. ఆ విశ్వవిద్యాలయానికే చెందిన మరొక కళాశాల 2021లో సిరిసిల్లకు వచ్చింది. ఒకనాడు ఇంజనీరింగు చదువుకని మన పిల్లలు పెట్టె సర్దుకొని హైదరాబాదు బస్సు ఎక్కవలసి వచ్చేది. ఇప్పుడు విశ్వవిద్యాలయమే మన గడప దగ్గర నిలబడి ఉన్నది. గడప దాటి లోపలికి వచ్చిందా అన్నదే ప్రశ్న.

సిరిసిల్లలో మరమగ్గాన్ని 'సాంచా' అంటారు. ఉర్దూ విద్యార్థులకు సాంచా అంటే అచ్చు, మూస అని తెలుసు. ఒకే మాట ఒక ఊరిలో యంత్రం, ఒక భాషలో ఆకృతి. ఈ వ్యాస విషయమంతా ఆ ఒక్క మాటలో ఇమిడి ఉన్నట్లు నాకు అనిపిస్తుంది. ఆ పట్టణంలో ఇరవై వేలకు మించిన సాంచాలు ఉన్నవి. వాటిలో చాలావరకు నాడెతో నడిచే పాతకాలపు సాదా సాంచాలు. భీవండి కార్ఖానాలలో పనిచేసి వచ్చిన మనవారు అక్కడి పనితనాన్ని వెంట తెచ్చుకున్నారు. ఆ భీవండిలోనూ, మాలేగావ్‌లోనూ ఉర్దూ మాట్లాడే నేతగాళ్లూ, తెలుగు మాట్లాడే నేతగాళ్లూ ఒకే చప్పుడులో బ్రతికారు. ఆ చప్పుడులో పక్కవాని మాట వినబడదు. పెదవుల కదలికనుబట్టి అర్థం చేసుకుంటారు.

ఆ చప్పుడుకు కారణమేమిటో ఎప్పుడైనా ఆలోచించారా? నాడె అరకిలోకు కాస్త తక్కువ బరువుండే కొయ్యముక్క. పడుగు రెండుగా విడిపోయిన క్షణంలో అది ఈ అంచు నుండి ఆ అంచుకు దూసుకుపోవాలి. అందుకు అది సెకనుకు సుమారు 12 మీటర్ల వేగాన్ని అందుకోవాలి. ఆ వేగాన్ని అందుకునేందుకు దానికి దొరికే చోటు జానెడు, అంటే 20 సెంటీమీటర్లు. ఇంటర్మీడియేటు విద్యార్థి కూడా ఈ లెక్క చేయగలడు. సెకనులో ముప్పయ్యవ వంతు కాలంలో భూమ్యాకర్షణకు ముప్పైఆరు రెట్ల త్వరణం కావాలి. ఒక కిలో బరువును మూడు మీటర్ల ఎత్తునుండి జారవిడిచినంత శక్తి ఆ నాడెలో చేరి, అవతలి పెట్టెలో ఢీకొని, అంతా చప్పుడుగానూ వేడిగానూ వ్యర్థమైపోతుంది. మరుక్షణమే వెనుకకు ప్రయాణం. నిమిషానికి 120 సార్లు వంతున పన్నెండు గంటల షిఫ్టులో సాంచా ఆగకుండా నడిస్తే నాడె 86,400 సార్లు దెబ్బ తింటుంది.

ఆ దెబ్బ కొట్టే భాగాన్ని టాపెట్ అంటారు. సాంచా అడుగున తిరిగే ఇరుసుకు రెండు ప్రక్కలా ఒక్కొక్కటి ఉంటుంది. దాని ముక్కు ఒక చిన్న రోలరును తన్నుతుంది. ఆ తన్ను కర్రకు, కర్రనుండి పికరుకు, పికరునుండి నాడెకు చేరుతుంది. ఆ ముక్కు వంపు ఎలా ఉన్నదన్నదానిపై సాంచా బ్రతుకంతా ఆధారపడి ఉన్నది. వంపు మొండిగా ఉంటే కర్ర విరుగుతుంది, పికరు చిరుగుతుంది. మందగిస్తే నాడె ఆలస్యంగా చేరి పడుగులో ఇరుక్కుంటుంది. ఇంగ్లండులో మాంచెస్టరు దగ్గరి షర్లీ పరిశోధనాలయంలో శాస్త్రజ్ఞులు 1940లలోనే ఈ నాడె గమనాన్ని కొలిచి వ్యాసాలు ప్రకటించారు. మన క్యామ్ వక్రతల పాఠంలో విద్యార్థి గీసే బొమ్మ ఇదే. పరీక్షలో దానికి పదిహేను మార్కులు. ఆ బొమ్మకూ సిరిసిల్ల సాంచాకూ సంబంధమున్నదని మాత్రం ఆనాడు నాకెవరూ చెప్పలేదు.

ఇక నా స్వంత పరాభవం చెప్పక తప్పదు. చదువు ముగించిన కొత్తలో, చేతిలో పట్టా, బుర్రలో సాఫ్ట్‌వేరు, మనసులో గర్వం ఉన్న రోజులలో, ఒక మిత్రుని ఇంటికి సిరిసిల్ల వెళ్లాను. అతని తండ్రి జాబరు, అంటే సాంచాలు బాగుచేసే పనివాడు. ఒక సాంచా టాపెట్ ముక్కు అరిగిపోయి నాడె సరిగా పోవడం లేదు. 'నేను గీసి చేయించి తెస్తాను కాకా' అన్నాను. ఆయన కాదనలేదు. టాపెట్ విప్పించుకొని కోరుట్లకు తెచ్చాను. మా అబ్బాకు అక్కడ ఖరాదు దుకాణం ఉండేది. వెర్నియరుతోనూ డయల్ గేజీతోనూ పది డిగ్రీలకొకటి చొప్పున ముప్పైఆరు చోట్ల కొలిచాను. ఆ బిందువులను కంప్యూటరులో కలిపి, కంటికి ఇంపైన గీత గీశాను. హైదరాబాదులో ఉక్కును కోయించాను. మెరిసే ముక్క చేతికి వచ్చినప్పుడు నా ఆనందం ఇంతా అంతా కాదు. అబ్బా మాత్రం దానిని అటూ ఇటూ త్రిప్పి చూసి, 'పాతదాని ముక్కు అరగకముందు ఎట్లుండెనో కనుక్కున్నవా?' అని అడిగారు. నేను ఆ మాట విననట్లే ఊరుకున్నాను.

బిగించాక సాంచా ఒక పూట నడిచింది. మధ్యాహ్నం నాడె పడుగు మధ్యలో ఇరుక్కున్నది. వందల పోగులు తెగిపోయినవి. వైపని చేసే మనిషి వచ్చి ఒక్కొక్క పోగూ ముడివేసేసరికి చీకటిపడింది. ఆనాటి కూలి సాంచా నడిపేవానికి పోయింది. జాబరు ఆ ముక్కను విప్పి వెలుతురుకెత్తి చూశాడు. కోపగించుకోలేదు. 'బిడ్డా, నువ్వు టాపెట్ గియ్యలె. అరుగుదల గీసినవ్' అన్నాడు.

నాలుగేళ్ల చదువులో అంతకన్న మంచి పాఠం నేను వినలేదు. అరిగిన వస్తువును ఎంత సూక్ష్మంగా కొలిస్తే అంత సూక్ష్మంగా దాని జబ్బు కూడా కొత్తదానికి సంక్రమిస్తుంది. కొలత వేరు, ఉద్దేశం వేరు. ఆ ముక్క ఏ పని కోసం పుట్టిందో, నాడెను ఎంత వేగంతో ఏ క్షణంలో విడువవలసి ఉన్నదో ముందు తెలుసుకోవాలి. అక్కడినుండి వెనుకకు లెక్కించుకుంటూ వంపును చేరుకోవాలి. ఇది పాఠ్యపుస్తకంలో ఉన్న విషయమే. నేను చదివాను కూడా. చదివినది చేతిదాకా రాలేదు, అంతే.

జాబరు అప్పుడు మూలనున్న రేకు డబ్బా తెరచి ఒక అట్టముక్క తీశాడు. భీవండిలో పనిచేసిన రోజులలో, కొత్త టాపెట్ విప్పినప్పుడు దానిమీద అట్టపెట్టి అంచు వెంబడి పెన్సిలుతో గీసి కత్తిరించుకున్నదట. ఏ విశ్వవిద్యాలయమూ అడగని, ఏ పత్రికా అచ్చువేయని పరిశోధన పత్రం అది. ఆ అట్ట వంపును ఆధారం చేసుకొని, నాడె వేగాన్ని లెక్కవేసుకొని, ఆయన చెప్పిన చోట అరమిల్లీమీటరు సవరించి రెండవ ముక్క చేయించాము. అది నిలిచింది. చప్పుడు తగ్గలేదు, కర్రలు విరగడం మాత్రం తగ్గిందని సాంచా నడిపే అతను చెప్పాడు. నేను దానిని లెక్కలతో ఋజువు చేయలేదు. చేయవలసి ఉండెను. ఎన్ని రోజులకు ఎన్ని కర్రలు అని ఒక నోటుబుక్కులో వ్రాసి ఉంచినా అది నా ప్రాజెక్టు నివేదికకన్న విలువైన పుస్తకమయ్యేది.

ఇందుకు ఒక గట్టి అభ్యంతరం ఉన్నది. దానిని దాటవేయడం న్యాయం కాదు. పాత సాంచాలకు ముక్కలు మార్చుకుంటూ కూర్చోవడం ఎందుకు? నాడె లేకుండా రేపియరుతోనో గాలి ధారతోనో నేసే మగ్గాలు వచ్చి ఎన్నో ఏళ్లయింది. వాటి వేగం ముందు మన సాంచా నిలువదు. పరిశోధన చేయదలచుకుంటే వాటిమీద చేయండి అంటారు. ఈ మాటలో నిజమున్నది. టాపెట్ వంపు సరిచేసినంత మాత్రాన సిరిసిల్ల కష్టాలు తీరవు. నూలు ధర, కరెంటు ఛార్జీ, గుడ్డకు గిరాకీ అన్నవి ఏ సాఫ్ట్‌వేరుకూ లొంగవు. 2017లో బతుకమ్మ చీరల ఆర్డరు వచ్చినప్పుడు పట్టణమంతా పని దొరికింది. 2024లో ఆ చీరల పంపిణీ లేకపోయేసరికి ఎన్ని ఇళ్లలో పొయ్యి మీద ప్రభావం పడిందో అక్కడివారికి తెలుసు. అయితే నాలుగో ఎనిమిదో సాంచాలు పెట్టుకొని, యజమాని ఇచ్చే నూలును కూలికి నేసిపెట్టే ఆసామి లక్షలు పోసి కొత్త మగ్గం కొనలేడు. కొనేదాకా అతడు పాత సాంచాతోనే బ్రతకాలి. రోగికి పెద్దాసుపత్రి అవసరమేనని చెబుతూ, ఈ రాత్రి జ్వరానికి మందు ఇవ్వకుండా పోవడం వైద్యం కాదు. అదీగాక విద్యార్థి దృష్టితో చూస్తే, విప్పి చూడడానికి వీలైన యంత్రం మీద నేర్చుకున్నవాడే మూతవేసి ఉన్న యంత్రాన్ని రేపు అర్థం చేసుకోగలడు.

మన దగ్గర ఈ మార్గానికి గొప్ప ఉదాహరణ ఉన్నది. ఆలేరు దగ్గరి శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశంగారు పాఠశాల చదువు మధ్యలోనే మానినవారు. పోచంపల్లి చీరకు ఆసు పోసేటప్పుడు తల్లి లక్ష్మిగారి చేయి ఒక్కో చీరకు వేలసార్లు అటూ ఇటూ ఆడవలసి వచ్చేది. ఆమె భుజం నొప్పి చూడలేక, ఏళ్ల తరబడి అప్పులతోనూ అపజయాలతోనూ కుస్తీపట్టి, 1999లో ఆయన ఆసుయంత్రాన్ని పూర్తిచేశారు. 2017లో పద్మశ్రీ వచ్చింది. ఈ కథను విని మనం చప్పట్లు కొడతాము. నాకు మాత్రం చప్పట్లతోపాటు సిగ్గు కూడా కలుగుతుంది. ఆ ఏళ్లన్నీ ఆయన ఒంటరిగా తప్పులు చేస్తూ నేర్చుకుంటుండగా, కదలికలను లెక్కగట్టడం ఎట్లాగో తెలిసినవారు రాష్ట్రమంతటా తరగతి గదులలో నల్లబల్లల మీద అవే కదలికలను గీస్తూనే ఉన్నారు. వారిలో ఒక్కరు ఆ ఇంటి తలుపు తట్టినట్లయితే ఎన్ని ఏళ్లు కలిసివచ్చేవో!

కోరుట్ల, మెట్‌పల్లి వైపు సంగతి కొంచెం చెప్పి ముందుకు పోతాను. అది పసుపు పండే నేల. పసుపు కొమ్ములను ఆవిరితో ఉడికించే పీపాలనూ, మెరుగుపెట్టే డ్రమ్ములనూ వెల్డింగు దుకాణాలలో చేస్తారు. చేతిపనితనం మెచ్చదగినదే. అయితే రేకు మందం ఎంత ఉండాలన్నది అలవాటునుబట్టి నిర్ణయమవుతుంది. లోపలి ఆవిరి ఒత్తిడిని పీపా వ్యాసంతో హెచ్చించి, లోహం భరించగల ఒత్తిడికి రెట్టింపుతో భాగిస్తే ఉండవలసిన కనీస మందం వస్తుంది. అతుకుకూ తుప్పుకూ కొంత కలుపుకోవాలి. ఇంజనీరింగు రెండవ సంవత్సరపు లెక్క ఇది. ఆ లెక్క దుకాణం గోడమీద ఒక పట్టికగా వేలాడితే చాలు, దానికి డాక్టరేటు అక్కరలేదు. ముత్యంపేట చక్కెర కర్మాగారం 2015లో మూతపడినప్పుడు అక్కడి ఫిట్టర్లు, వెల్డర్లు దిక్కుకొకరుగా చెదిరిపోయారు. వారి తలలలో ఉన్న కొలతలు కూడా వారితోపాటే పోయినవి.

ఇప్పుడు మన కళాశాల దగ్గరికి వస్తాను. కార్ఖానాలలో వినబడే భాష ఏది? అంగుళంలో ఎనిమిదవ వంతును మన మెకానిక్కులు 'సూత్' అంటారు. లేతు ఖరాదు, కొలత నాప్. పడుగు, పేక, నాడె, కండె, ఆసు తెలుగు మాటలు. బీము, టాపెట్, పికరు ఇంగ్లీషువి. ఈ మూడు భాషలూ ఒకే వాక్యంలో కలిసి తిరుగుతుండగా విశ్వవిద్యాలయంలో మాత్రం ఒకే భాష వినబడుతుంది. జాబరుకూ పరిశోధకునికీ మధ్య ఉన్న అసలైన గోడ గణితం కాదు, మాట.

ఉర్దూ, తెలుగు రెండూ చదివే విద్యార్థులు ఒకే కప్పు క్రింద ఉన్న సంస్థలు మన ప్రాంతంలో ఎన్ని? ఈ పని మనకంటె బాగా ఎవరు చేయగలరు? 1917లో హైదరాబాదులో దారుల్ తర్జుమా ఏర్పడి, ఉస్మానియా విశ్వవిద్యాలయానికి విజ్ఞానశాస్త్ర గ్రంథాలను ఉర్దూలోకి తెచ్చింది. 1968లో తెలుగు అకాడమి ఏర్పడి తెలుగులో పాఠ్యగ్రంథాలు వెలువరించింది. అవి రాజధానిలో పండితులు చేసిన ఘనకార్యాలు. మనం చేయవలసినది చిన్నది. సాంచాలో ఉన్న భాగాలన్నింటికీ కార్ఖానాలో వాడే పేరు, ఉర్దూ పేరు, ఇంజనీరింగు పుస్తకంలోని పేరు మూడు వరుసలలో వ్రాసి, ప్రక్కన బొమ్మ వేసిన ఒక సన్నని పుస్తకం. దానికి ఉర్దూ, తెలుగు శాఖల విద్యార్థులు చాలు. గణితశాస్త్ర విద్యార్థులు టాపెట్ వంపును లెక్కించవచ్చు; ఉచితంగా దొరికే ఫ్రీక్యాడ్ వంటి సాఫ్ట్‌వేరు మన కంప్యూటరు గదిలో ఉన్న యంత్రాలమీద నడుస్తుంది. వాణిజ్యశాస్త్రం వారు ఒక కర్ర విరిగితే ఆసామికి ఎంత నష్టమో ఆరునెలల లెక్క తీయవచ్చు. ఆ లెక్క ఇప్పటివరకు నా కంటబడలేదు.

పాలకవర్గానికి నా మనవి కూడా ఖరీదైనది కాదు. త్రీడీ ప్రింటరు కొందామన్న మాట కొంతకాలంగా వినబడుతున్నది. కొనవద్దని నేననను. అయితే దానికి ముందు నాలుగు వెర్నియర్లు, రెండు డయల్ గేజీలు కొనండి. కొలవడం రాని చేతికి ప్రింటరు ఇస్తే తాళంచెవి గొలుసులూ, గణపతి బొమ్మలూ, తాజ్‌మహళ్లూ తయారవుతాయి. నేను కొన్నిచోట్ల కళ్లారా చూశాను. కంప్యూటరు గదిని సాయంత్రం ఏడువరకు తెరచి ఉంచండి. అన్నింటికన్న ముఖ్యంగా, మన పొరుగునే ఉన్న ఇంజనీరింగు కళాశాలల ఆచార్యులను ఆహ్వానించి ఒక్క విన్నపం చేయండి. ఏటా రెండు ప్రాజెక్టులు సాంచాలనుండి గాని, పసుపు డ్రమ్ములనుండి గాని, ఖరాదు దుకాణాలనుండి గాని తీసుకోవాలి. చేసిన ముక్కను ముప్పై రోజులు పనిలో ఉంచాలి. నివేదికలో గైడు సంతకం క్రింద ఆ ముక్కను వాడిన మనిషి సంతకం ఉండాలి. ముక్క విరిగిపోతే అది ఎందుకు విరిగిందో వ్రాసిన విద్యార్థికి మార్కులు తగ్గకూడదు. ఈ చివరి షరతును ఒప్పించడమే అన్నింటికంటె కష్టమని నా అనుభవం చెబుతున్నది. నెగ్గినదే పరిశోధన, ఓడినది పొరపాటు అనే భావం మన విద్యారంగంలో అంతగా పాతుకుపోయింది. అందువల్లనే అందరూ ఎన్నడూ విరగని ఆ రంగుల రాడ్డును ఆశ్రయిస్తున్నారు.

విద్యార్థులలో చాలామంది దృష్టి గల్ఫు వైపు ఉన్నదని నాకు తెలుసు. మా ఇంట్లోనూ ఇద్దరు అక్కడే ఉన్నారు. వెళ్లవద్దని చెప్పే అర్హత నాకు లేదు. వెళ్లేముందు ఒక్కసారి వేములవాడ మీదుగా సిరిసిల్ల వెళ్లి, ఏదైనా కార్ఖానాలో ఒక గంట నిలబడి రండి. చెవులకు దూది పెట్టుకోండి. సాంచా ఆగినప్పుడు జాబరు ఎక్కడ చేయిపెట్టి చూస్తాడో గమనించండి. ఆయన ముందు కంటితో చూడడు, వేలితో తడుముతాడు. ఆ వేలు ఏమి కనుగొన్నదో తరగతి గదికి తీసుకురాగలవాడు మీలో ఒక్కడుంటే, నాచుపల్లిలో కూర్చున్న పరిశోధకునికి ఒక సంవత్సరపు పని దొరికినట్లే.

ఆ వృద్ధ జాబరు తన అట్టముక్కను నాకే ఇచ్చాడు. 'నా కండ్లు మసకబారినయి, నీ తాన ఉండనీ' అన్నాడు. అంచులు నూనెకు నల్లబడినవి. ఒక మూల ఉర్దూలో ఏదో అంకె వ్రాసి ఉన్నది, బహుశా భీవండిలోని తోటి పనివాని చేతివ్రాత కావచ్చు. మొదట నేను చేయించిన తప్పు ముక్క కూడా నా దగ్గరే ఉన్నది. గ్రంథాలయాధికారిగారు అనుమతిస్తే ఆ రెండింటినీ ప్రక్కప్రక్కన ఒక గాజుపెట్టెలో, నిఘంటువుల బీరువా పైన ఉంచగోరుతున్నాను. చేతిలోకి తీసుకొని చూడదలచినవారికి తాళంచెవి ఇవ్వాలని కూడా మనవి.